సీటు వచ్చాక మిగిలిన పని: సెంట్రల్ యూనివర్సిటీలో చేరడానికి నేను సిద్ధమైన తీరు

ప్రవేశ పరీక్షకు ఎలా చదవాలో చెప్పేవాళ్ళు కావలసినంత మంది ఉన్నారు. సీటు వచ్చినప్పటి నుంచి తరగతిలో కూర్చునే దాకా ఏం చేయాలో చెప్పేవాళ్ళే నాకు దొరకలేదు. మా ఇంట్లో డిగ్రీ దాటి చదువుతున్నది నేనే మొదలు. విజయనగరం జిల్లాలో జీడితోటల మధ్య ఉన్న ఊరు మాది. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బి.ఏ. పూర్తిచేసి, కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీ పీజీ రాసి, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చరిత్రలో సీటు తెచ్చుకున్నాను. 75 ప్రశ్నలు, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత. ఆ పరీక్ష గురించి ఇంతకు మించి రాయను. రాయదలచుకున్నదంతా ఆ తరువాతి సంగతే.

ప్రవేశ సమాచారంతో పాటు తీసుకురావలసిన కాగితాల జాబితా వచ్చింది. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కుల జాబితాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, ఓబీసీ ధ్రువపత్రం, ర్యాగింగ్ చేయబోమన్న హామీ పత్రాలు, ఫొటోలు. ఒక పాత నోటుపుస్తకంలో ఈ జాబితా రాసుకుని, ప్రతి కాగితం ఎదుట రెండు గడులు గీశాను: ఎవరు ఇస్తారు, ఎందుకు అడుగుతున్నారు. మొదటి గడి నింపడం సులువే. రెండోది నింపడానికి చదవాలి, నలుగురినీ అడగాలి. కానీ ఏ కార్యాలయంలో ఎవరు ఏం అడ్డు చెప్పినా నేను నిలబడి మాట్లాడగలిగానంటే ఆ రెండో గడి వల్లే.

ఉదాహరణకు టీసీ, మైగ్రేషన్ రెండూ ఒకటే కదా అని చాలామంది అనుకుంటారు. టీసీ ఇచ్చేది కళాశాల. మనం అక్కడి నుంచి బయటికి వచ్చేశామని, గ్రంథాలయం పుస్తకాలూ ఫీజులూ బాకీ లేవని దాని అర్థం. మైగ్రేషన్ ఇచ్చేది ఆ కళాశాల అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయం. మరో విశ్వవిద్యాలయంలో చేరడానికి తమకు అభ్యంతరం లేదని అది చెబుతుంది. అదే విశ్వవిద్యాలయంలో పీజీ చేసేవాళ్ళకు దానితో పని ఉండదు కాబట్టి, మా కళాశాలలో దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. చివరి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన వెంటనే దరఖాస్తు పెట్టడం మంచిదయింది. ఆలస్యం చేసిన మా తరగతి అమ్మాయి ఒకరు వేరే రాష్ట్రంలో చేరేటప్పుడు, గడువులోగా తెచ్చి ఇస్తానని హామీ పత్రం రాసి ఇవ్వవలసి వచ్చింది.

అసలు కష్టం ఓబీసీ ధ్రువపత్రంతో వచ్చింది. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల విద్యార్థులూ ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే.

ఆంధ్రప్రదేశ్‌లో బీసీలను ఏ, బీ, సీ, డీ, ఈ అని అయిదు వర్గాలుగా విభజించారు. మనకు చిన్నప్పటి నుంచీ ఉన్న కుల ధ్రువపత్రంలో ఆ వర్గమే ఉంటుంది. కేంద్రంలో ఆ విభజన లేదు. అక్కడ ఓబీసీ అన్నది ఒకటే వర్గం, రిజర్వేషన్ 27 శాతం. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు కూడా. అందుకని మొట్టమొదట జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్‌లో కేంద్ర జాబితా తెరిచి, మా కులం ఉందో లేదో, పేరు ఏ అక్షరాలతో ఉందో చూసుకున్నాను. ఉంది. ఆ పుట అచ్చు తీసి ఫైలులో పెట్టుకున్నాను.

తరువాత గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ దగ్గర దరఖాస్తు పెట్టాను. అక్కడి నుంచి వీఆర్వో, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్ఐ), చివరికి తహసీల్దార్. విచారణ మొదలైనప్పుడు వీఆర్వో గారు నన్ను పిలిపించారు.

“కుల ధ్రువపత్రం నీకు ఇదివరకే ఇచ్చాం కదమ్మా, మళ్ళీ ఎందుకు?”

“అది రాష్ట్రానిది సార్. ఇది కేంద్ర ప్రభుత్వ నమూనాలో కావాలి. క్రీమీలేయర్ కాదని, అంటే బీసీల్లో బాగా స్థితిపరులం కాదని అందులో ఉండాలి. ఈ ఏడాది ఏప్రిల్ 1 తరువాత ఇచ్చినదై ఉండాలి.”

“అయితే మీ నాన్న తోట మీద ఎంత వస్తుందో కూడా రాయాలి, ఆదాయం కలుస్తుంది.”

ఇక్కడే నా రెండో గడి పనికొచ్చింది. ఓబీసీ క్రీమీలేయర్ ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు. 2017 నుంచి అదే ఉంది. కానీ ఆ లెక్కలో తల్లిదండ్రుల జీతాన్నీ, వ్యవసాయం మీద వచ్చే ఆదాయాన్నీ కలపరు. మిగతా ఆదాయం వరుసగా మూడేళ్ళు పరిమితి దాటితేనే ఆ నిబంధన వర్తిస్తుంది. తల్లిదండ్రులు పెద్ద ప్రభుత్వ హోదాలో ఉన్నారా, భూమి పరిమితికి మించి ఉందా అన్నవి విడిగా చూస్తారు. మాది చిన్న కమతం. ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాల వారికి ఇచ్చే ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్‌కు కూడా 8 లక్షలే పరిమితి, కానీ దానికి జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలుపుతారు. అంకె ఒకటే కావడంతో రెండు లెక్కలూ కలగలిసిపోతాయి. ఆ నిబంధన ఉన్న కాగితాన్ని నేను వీఆర్వో గారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని మొత్తం చదివారు. “ఇది నా దగ్గర కూడా ఒకటి ఉంచమ్మా” అన్నారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. తెలియనిదాన్ని తెలుసుకోవడానికి వెనకాడని ఉద్యోగి దొరకడం అదృష్టం.

ధ్రువపత్రం చేతికి వచ్చాక సంతకం, ముద్ర, తేదీ మాత్రమే చూసుకుని సరిపెట్టుకోవద్దు. మధ్యలో ఉన్న అచ్చు వాక్యం చదవాలి. ఆ వ్యక్తి క్రీమీలేయర్‌కు చెందరు అని చెప్పే చోట, 36012/22/93 అన్న అంకెతో మొదలయ్యే కేంద్ర సిబ్బంది శాఖ ఉత్తర్వు, దాని తేదీ 8-9-1993 కనిపించాలి. అది లేకుండా కుల ధ్రువపత్రమూ, ఆదాయ ధ్రువపత్రమూ వేరువేరుగా పట్టుకెళ్తే ఒప్పుకోకపోవచ్చు.

ఆ తేదీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వెనుకబడిన తరగతులకు రిజర్వేషన్లు సిఫారసు చేసిన మండల్ కమిషన్ నివేదిక ఇచ్చింది 1980లో. 1990లో దాన్ని అమలు చేస్తామని కేంద్రం ప్రకటించింది. 1992 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. క్రీమీలేయర్ ఆ తీర్పు నుంచి వచ్చినదే. మరుసటి ఏడాది ఈ ఉత్తర్వు. అది ఉద్యోగాలకు. కేంద్ర విద్యాసంస్థల సీట్లలో 27 శాతం ఇవ్వడానికి 2006లో చట్టం చేశారు, 2008లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చరిత్ర చదవడానికి వెళ్తున్న నాకు ఆ సీటు ఏ దారిన వచ్చిందో ఆ ఒక్క పంక్తిలో ఉంది. ఈ కాగితం కోసం ఎండలో తిరిగానన్న విసుగు నాకు ఆ తరువాత కలగలేదు.

మిగతావాటిని త్వరగా చెబుతాను. పదో తరగతి జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే, ఆధార్‌నే పదో తరగతి ప్రకారం మార్పించుకోవాలి. డిజిలాకర్, క్రెడిట్ల ఖాతాకు సంబంధించిన ఏబీసీ ఐడీ, ఉపకారవేతనం అన్నీ ఆ పేరు మీదే నడుస్తాయి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమై ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. ముందుగా వేరేచోట ఫీజు కట్టి ఉంటే సీటు వదులుకునేటప్పుడు వెనక్కి అడగడానికి మొహమాట పడనక్కరలేదు. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు వదులుకుంటే కొద్దిపాటి ప్రాసెసింగ్ ఖర్చు మినహా పూర్తి ఫీజు తిరిగి ఇవ్వాలని, అసలు ధ్రువపత్రాలను తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది.

ర్యాగింగ్ హామీ పత్రం దగ్గర మాత్రం ఆగాలి. విద్యార్థి ఒకటి, తల్లి లేదా తండ్రి ఒకటి ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో నింపితే పత్రం ఇంగ్లీషులో తయారై వస్తుంది. చాలామంది చదవకుండానే సంతకం చేస్తారు. మా అమ్మ చేయలేదు. “ఏమని ఒప్పుకుంటున్నానో చెప్పు, అప్పుడు పెడతాను సంతకం” అంది. వంటింటి గడప మీద కూర్చుని ఒక్కో అంశం తెలుగులో చెప్పాను. మీ పిల్ల ఎవరినైనా బాధపెడితే శిక్ష తప్పదన్న చోట ఆమె తల ఊపింది. “మరి నిన్ను ఎవరైనా బాధపెడితే ఎవరికి చెప్పాలో ఇందులో ఉందా?” అని అడిగింది. సరైన ప్రశ్న. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి సీనియర్ల చేతిలో చనిపోయిన తరువాత యూజీసీ కఠినమైన నిబంధనలు తెచ్చింది, జాతీయ సహాయ కేంద్రం నంబరు 1800-180-5522 అలా వచ్చినదే. మన ఉమ్మడి రాష్ట్రం 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. నంబరును గోడ మీది క్యాలెండరులో నా చేత రాయించుకున్నాకే అమ్మ సంతకం పెట్టింది.

కాగితాల కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంగ్లీషులో చదవడం. ఇంటర్ దాకా నాది తెలుగు మాధ్యమం. డిగ్రీలో పుస్తకాలు ఇంగ్లీషువే అయినా పాఠం తెలుగులోనే నడిచేది. ఎం.ఏ.లో వారానికి ఎన్నో పుటలు చదివి తరగతిలో మాట్లాడాలని విన్నాను. కాబట్టి ఇంటి దగ్గర దొరికిన వ్యవధిలో వ్యాకరణం పుస్తకం ముందేసుకోకుండా, నాకు ముందే తెలిసిన విషయాలను ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాను. మా ప్రాంతంలో 1757 బొబ్బిలి యుద్ధం కథ తెలియనివాళ్ళు ఉండరు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోవడం కూడా పెద్దల నోట విన్నదే. బ్రిటిష్ పాలనలో జిల్లా వివరాలన్నీ కూర్చి 1907లో అచ్చువేసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఈ సంగతులు చదివాను. ఏం జరిగిందో ముందే తెలుసు కాబట్టి తెలియని మాట వచ్చినా వాక్యం చేజారిపోలేదు. అంతకంటే విలువైనది ఇంకొకటి జరిగింది. దొరలు రాసిన తీరుకూ, మా ఊళ్ళో చెప్పుకునే తీరుకూ ఉన్న తేడా కనిపించి, ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అన్న ప్రశ్న దానంతట అదే పుట్టింది.

ఆ తరువాత ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) వారి ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో ఉన్న ఎం.ఏ. చరిత్ర పాఠాలకు వెళ్ళాను. అవి కూడా ఉచితమే. ఒక్కో భాగం చదివి పుస్తకం మూసి, రచయిత వాదన ఏమిటో తెలుగులో రెండు వాక్యాలు రాసేదాన్ని. రాయలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్ళీ చదివేదాన్ని. తెలుగు మాధ్యమం వాళ్ళు తెలుగును వదిలేస్తేనే ఇంగ్లీషు వస్తుందని సలహా ఇచ్చేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆలోచన ఏ భాషలో నిలుస్తుందో ఆ భాషలోనే దాన్ని ముందు పట్టుకోవాలి.

బయలుదేరే ముందు నేను చేరబోయే చోటు గురించి కూడా చదువుకున్నాను. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తరువాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకంలో ఒక సూత్రం హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం. దానికోసం రాజ్యాంగంలో 371ఈ అధికరణ చేర్చారు. 1974లో విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు తరగతులు జరిగింది అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో. గచ్చిబౌలికి తరువాత వచ్చింది.

నాన్న, నేను విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ దిగి, అక్కడి నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలులో లింగంపల్లి, ఆపైన బస్సులో విశ్వవిద్యాలయం చేరాం. తెలంగాణలో మహిళలకు ఉన్న ఉచిత ప్రయాణం అక్కడి స్థానికులకే. నా ఆధార్ ఆంధ్రప్రదేశ్‌ది కాబట్టి టికెట్ తీసుకున్నాను. సామానులో దుప్పట్లు, బకెట్, తాళం, అమ్మ కట్టిచ్చిన చోడి (రాగి) పిండి ఉన్నాయి. కాగితాల ఫైలు మాత్రం నా ఒళ్ళోనే ఉంది. ప్రతిదానికీ రెండేసి జిరాక్సులు, ఫోనులో స్కాన్లు కూడా ఉంచుకున్నాను. టీసీ, మైగ్రేషన్ ఒకసారి ఇచ్చేస్తే తిరిగి మన చేతికి రావు కాబట్టి వాటి నకళ్ళు ఎక్కువ తీసుకోవాలి.

పరిశీలన బల్ల దగ్గర ఓబీసీ పత్రాన్నే ఎక్కువసేపు చూశారు. తేదీ చూశారు, 1993 ఉత్తర్వు ఉన్న పంక్తి కింద పెన్సిలు పెట్టి చూశారు, సరేనన్నారు. నా వెనుక వరుసలో నిలబడ్డ అబ్బాయి దగ్గర రాష్ట్ర బీసీ పత్రం మాత్రమే ఉంది. అతన్ని పక్కకు పిలిచి కేంద్ర జాబితా పుటనూ, ఆదాయ నిబంధన కాగితాన్నీ ఫొటో తీసుకోమన్నాను. గడువు అడిగి, హామీ పత్రం రాసి ఇచ్చి అతను ఆ రాత్రే ఊరికి బయలుదేరాడు.

హాస్టల్ గదులు అదే రోజు అందరికీ ఇవ్వరని తెలిసి, చుట్టాల ఇంట్లో ఉండేందుకు నాన్న ముందే ఏర్పాటు చేశారు. గుర్తింపు కార్డు దరఖాస్తు ఇచ్చాక, ఇక్కడి విద్యార్థినేనని చెప్పే బోనఫైడ్ సర్టిఫికెట్‌కు కూడా అక్కడే దరఖాస్తు పెట్టాను. విద్యార్థి బస్సు పాస్‌కు, ఉపకారవేతనానికి అదే కావాలి. గ్రంథాలయ సభ్యత్వం గుర్తింపు కార్డు వచ్చాకే అన్నారు. తరగతుల పట్టిక చేతికి ఇచ్చారు. మొదటి పాఠం సోమవారం ఉదయం.