‘కోర్టు ఆర్డర్’ అన్నప్పుడు మన చేతిలో ఉన్నదేమిటి?

కోర్టు నుంచి ఏ కాగితం వచ్చినా మనం ‘ఆర్డర్ వచ్చింది’ అనే అంటాం. మాటవరసకు అది చాలు గానీ, ఆ కాగితంపై అప్పీలుకు వెళ్లాలా, అదే కోర్టులో పిటిషన్ వేయాలా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు చాలదు.

మన సివిల్ కోర్టులు పాటించే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ రెండో సెక్షన్‌లోనే మూడు మాటలను విడదీసింది. దావాలోని వివాదంపై ఉభయపక్షాల హక్కులను ఆ కోర్టు మేరకు తుదిగా తేల్చేది డిక్రీ. డిక్రీకైనా ఉత్తర్వుకైనా జడ్జి చెప్పే కారణాలు తీర్పు. డిక్రీ కాకుండా లాంఛనంగా వెలువడే ఏ నిర్ణయమైనా ఆర్డర్, అంటే ఉత్తర్వు. ‘ఫలానాది కానిది’ అంటూ నిర్వచించడం వింతగా ఉన్నా, దావా నడిచినన్నాళ్లూ కోర్టు చేసే చిన్నాపెద్దా నిర్ణయాలన్నీ ఒక్క మాటలో ఇమడాలంటే వేరే దారి ఉన్నట్టు నాకు తోచదు. (ఆ కోడ్‌లో అధ్యాయాల పేరు కూడా ‘ఆర్డర్’ కావడం మరో చిక్కు: వకీలు ‘ఆర్డర్ 39’ అంటే అది జడ్జి ఇచ్చిన ఉత్తర్వు కాదు.)

ఈ తేడా బాగా తెలిసేది దావా కొట్టేసినప్పుడు. వాయిదాకు ప్రతివాది వచ్చి వాది రాకపోవడంతో కొట్టేస్తే, హక్కులేవీ తేలలేదు కనుక అది ఉత్తర్వే. గైర్హాజరీకి తగిన కారణం చూపి, 30 రోజుల్లోగా, దావాను తిరిగి తెరవమని అదే కోర్టును అడగవచ్చు. సాక్ష్యాలు విని కొట్టేస్తే అది డిక్రీ, దారి అప్పీలు. డిక్రీపై అప్పీలు సాధారణ హక్కు. ఉత్తర్వుల్లో మాత్రం 104వ సెక్షన్, ఆర్డర్ 43 పేర్కొన్నవాటికే అది ఉంది.

ఎవరైనా కాగితం చూపిస్తే నేను ముందు నంబరు చూస్తాను. ఓఎస్ (ఒరిజినల్ సూట్, అంటే అసలు దావా) నంబరుకు పైన ఐఏ (ఇంటర్‌లోక్యుటరీ అప్లికేషన్) నంబరు కూడా ఉంటే అది దావా మధ్యలో వేసిన దరఖాస్తుపై వచ్చిన ఉత్తర్వు. తాత్కాలిక ఇంజంక్షన్, అంటే ఫలానా పని చేయవద్దని అప్పటికి ఆపే ఆదేశం, సాధారణంగా ఇలాగే వస్తుంది. దాన్ని చూసి కేసు గెలిచామనుకోవడం పొరపాటు. ఎదుటివారికి నోటీసు లేకుండా ఇచ్చినదైతే, ఆ దరఖాస్తును 30 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. అలాగని అది ఉత్తుత్తి కాగితం కాదు: ఉల్లంఘించినవారి ఆస్తిని జప్తు చేయవచ్చు, మూడు నెలలకు మించకుండా సివిల్ జైలుకూ పంపవచ్చు. ఉత్తర్వు తప్పని నమ్మినవారు సైతం అది అమలులో ఉన్నంతకాలం పాటిస్తూనే, ఆర్డర్ 39లోని నాలుగో రూలు కింద రద్దు కోరవలసి ఉంటుంది.