రెండుంబావు మిల్లీమీటర్లు

హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీలో ఒక ల్యాబులో పనిచేస్తున్న నాకు, అప్పటిదాకా చేత్తో పిపెట్ పట్టుకుని చేస్తూ వచ్చిన ఎంజైము పరీక్షను ద్రవాలు పంచే రోబోకు మార్చే పని అప్పగించారు. 96 వెల్స్ (ద్రవం పోసే చిన్న గుంటలు) ఉన్న ప్లేటుపై అంతా సాఫీగా సాగింది కనుక 384 వెల్స్ ప్లేటు కూడా వారంలో ముగుస్తుందనుకున్నాను.

ముందుగా టార్ట్రజీన్ ద్రావణంతో పరీక్షించాను. మిఠాయిల్లో వేసే ఈ పసుపు రంగే, ఏ వెల్‌లో ఎంత ద్రవం పడిందో కొలవడానికి మాకు పనికొస్తుంది. రోబో ద్రవం వదిలే 96 టిప్పులను (సన్నని గొట్టపు మొనలను) ఒక్కసారిగా దించగానే, ఏ టిప్పూ వెల్‌లోకి దిగకుండా నాలుగేసి వెల్స్ కలిసే మూలకు తగిలి, రంగంతా ప్లేటు పైన పారింది. అచ్చులోనే లోపముందని నిశ్చయించుకుని మరో కంపెనీ ప్లేటు పెట్టినా అదే వరస. రెండు రోజులు వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాను, పొడవు 127.76, వెడల్పు 85.48 మి.మీ.కు దగ్గరగానే ఉన్నాయి.

అసలు ఈ కొలతలు ఎవరు నిర్ణయించారని వెతికితే, అమెరికాలోని సొసైటీ ఫర్ లేబొరేటరీ ఆటోమేషన్ అండ్ స్క్రీనింగ్ ప్రమాణాలు దొరికాయి. ఈ సంఘం 2010లో రెండు పాత సంఘాలు కలిసి ఏర్పడింది. ప్రమాణాలు మాత్రం 2004 నాటివి. వాటి ప్రకారం మొదటి వెల్ కేంద్రం 96 ప్లేటులో ఎడమ అంచు నుంచి 14.38, పై అంచు నుంచి 11.24 మి.మీ. దూరంలో ఉండాలి; 384 ప్లేటులో 12.13, 8.99. నేను రోబోకు ప్లేటు కొలతలు చెప్పే పాత 96 ప్లేటు ఫైలును నకలు తీసి, వెల్స్ మధ్య దూరాన్ని 9 నుంచి 4.5కు మార్చాను గాని, మొదటి వెల్ స్థానాన్ని మార్చడం మరిచాను. రెండు వైపులా తేడా సరిగ్గా 2.25 మి.మీ., అంటే వెల్స్ మధ్య దూరంలో సగం. టిప్పులు అంత కచ్చితంగా గోడల మీదే దిగడానికి కారణమదే. ప్లేట్ల కంపెనీకి రాసిపెట్టుకున్న ఫిర్యాదు లేఖను ఇంకా పంపకపోవడం నా అదృష్టం.

ఆ రెండు అంకెలు దిద్దాక పని నడిచింది. పరీక్ష నాణ్యతను చెప్పే జడ్-ప్రైమ్ విలువ 0.5 దాటితే మేలైనదిగా లెక్కిస్తారు, మాకు 0.62 వచ్చింది. అంచు వెల్స్‌లో ద్రవం త్వరగా ఆవిరవుతున్నందున వాటిని ప్రస్తుతానికి ఖాళీగా వదిలేస్తున్నాము.