ఈజీఆర్‌కు వేయించిన ప్లేటు, తీయించిన ప్లేటు

మా ఇంట్లో 2008లో కొన్న డీజిల్ కారు ఒకటి ఉంది. 1,300 సీసీకి కాస్త తక్కువ ఉన్న కామన్ రైల్ ఇంజిన్, దానికి గాలిని నొక్కి పంపే ఒక చిన్న టర్బో. నాన్నగారు ఉద్యోగ విరమణకు ముందు ఇష్టపడి కొనుక్కున్న బండి కాబట్టి దానిని అమ్మేద్దామన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. 2019 వేసవిలో ఆ ఇంజిన్‌కు ఉన్న ఈజీఆర్ అనే కాలుష్య నియంత్రణ భాగాన్ని నేను దగ్గరుండి మూయించాను. రెండేళ్ల తరువాత నేనే దానిని మళ్లీ తెరిపించాను. పాత డీజిల్ కారు ఉన్న ప్రతివారికీ ఏదో ఒక రోజు షెడ్డులో ఇదే సలహా ఎదురవుతుంది కాబట్టి, ఆ రెండేళ్లలో తెలుసుకున్నదంతా వివరంగా రాస్తున్నాను.

ఆ వేసవిలో మేము ఐదుగురం శ్రీశైలం బయలుదేరాము. మన్ననూరు దాటి అడవిలోకి ప్రవేశించే వరకు బండి బాగానే నడిచింది. ఘాట్ మలుపుల్లో మాత్రం మూడో గేరులో లాగలేక, రెండో గేరులోకి మార్చినా ఈడ్చుకుంటూ ఎక్కింది. అద్దంలో చూస్తే వెనుక నల్లని పొగ. మా వెనుక బైకు మీద వస్తున్న దంపతులలో ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం నాకు స్పష్టంగా కనిపించింది. ఆ దృశ్యం మనసును ఇబ్బంది పెట్టింది కాబట్టే ఇంటికి రాగానే ఉప్పల్ దగ్గర మాకు అలవాటైన షెడ్డుకు వెళ్లాను.

అక్కడి పెద్ద మెకానిక్‌ను అందరమూ ఉస్తాద్ అని పిలుస్తాము. ఆయన బానెట్ ఎత్తి పది నిమిషాల్లో ఈజీఆర్ వాల్వును విప్పి నా చేతిలో పెట్టాడు. లోపల అంతా తారులా జిగటగా పేరుకుపోయిన మసి. వాల్వు సగం తెరుచుకున్న స్థితిలో బిగుసుకుపోయి ఉంది. "అన్నా, ఇది ఎన్నిసార్లు కడిగినా మళ్ల గట్లనే అయితది. ప్లేటు ఏస్తే ఇంజిన్ ఫ్రీ అయితది" అన్నాడు. అతుకు మధ్య పెట్టే పలుచని గ్యాస్కెట్ ఆకారంలో ఒక ఇనుప రేకును కత్తిరించి, వాల్వుకూ గొట్టానికీ మధ్య బిగించడానికి అరగంట పట్టింది. తిరిగి వస్తుంటే బండి నిజంగానే తేలికగా లాగింది, పొగ కూడా చాలా వరకు తగ్గింది. నేను సంతోషించాను. ఆ సంతోషానికి కారణాన్ని నేను తప్పుగా అర్థం చేసుకున్నానని తెలియడానికి రెండేళ్లు పట్టింది.

ఈజీఆర్ చేసే పని ఒక్కటే. ఇంజిన్ నుంచి బయటకు పోతున్న పొగలో కొంత భాగాన్ని మళ్లీ లోపలికి వెళ్లే గాలిలో కలుపుతుంది. వాడేసిన పొగను మళ్లీ పీల్చమనడం ఇంజిన్‌కు చేసే ద్రోహమని మొదట ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. అయితే మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజన్. మామూలు వేడిలో అది ఎవరి జోలికీ పోదు, కానీ సిలిండర్‌లో మంట వేడి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది, ఆపైన వేడి పెరిగేకొద్దీ ఆ మార్పు ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. పొగలో ఉండే కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి మండవు. అవి వేడిని తమలోకి తీసుకుంటాయి, ఆక్సిజన్ వాటానూ తగ్గిస్తాయి. ఆ విధంగా మంట గరిష్ఠ వేడి కొంత దిగుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టడం బాగా తగ్గుతుంది. ఆ వాయువులు కంటికి కనిపించవు. ఎండలో ఇతర ఆవిరులతో కలిసి నేలకు దగ్గరగా ఓజోన్‌ను పుట్టిస్తాయి, ఊపిరితిత్తులను మంటపెడతాయి, ఉబ్బసం ఉన్న పిల్లలకు బాధను పెంచుతాయి.

అన్నింటికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ కంప్యూటర్ ఈజీఆర్ వాల్వును తనంతట తానే మూసివేస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న వాల్వు తెరుచుకొని ఉండదు, అందువల్ల ఆ సమయంలో అది తినేసే శక్తి కూడా లేదు. నెమ్మదిగా, నిలకడగా నడిచేటప్పుడు మాత్రమే అది తెరుచుకుంటుంది. మా బండి శ్రీశైలం ఘాట్‌లో లాగకపోవడానికి కారణం ఈజీఆర్ ఉండటం కాదు, మూసుకోవలసిన వేళ మూసుకోలేక అది ఇరుక్కుపోవడం. ప్లేటు వేస్తే ఎంత పికప్ తిరిగి వచ్చిందో, వాల్వును కడిగి అదే చోట బిగించినా దాదాపు అంతే వచ్చేది. జ్వరం తగ్గిన వాడికి మందు వల్ల బలం పెరిగిందని అనుకున్నట్టు, పోయిన శక్తి తిరిగి రావడాన్ని నేను కొత్తగా వచ్చిన శక్తిగా లెక్కవేశాను.

ప్లేటు వల్ల ప్రయోజనం ఏమీ లేదని కూడా నేను అనను, అలా అనడం అబద్ధం అవుతుంది. పొగ వెనక్కి మళ్లదు కాబట్టి సిలిండర్లకు గాలిని పంచే లోపలి మ్యానిఫోల్డు శుభ్రంగా ఉంటుంది. మామూలు వేగంలో పొగ మొత్తం టర్బో గుండా పోతుంది కాబట్టి టర్బో కాస్త ముందుగా అందుకుంటుంది. ఈ చిన్న లాభాలు బండి యజమానికి దక్కుతాయి. నష్టం మాత్రం వెనుక వచ్చే బైకు మీది వారికి, సిగ్నల్ దగ్గర నిలబడి ట్రాఫిక్‌ను నడిపే కానిస్టేబుల్‌కు, రోడ్డు పక్కన మిర్చి బజ్జీల బండి పెట్టుకున్న ఆమెకు పోతుంది. ఈ లెక్క నాకు నచ్చలేదు.

నన్ను ఎక్కువగా కలవరపరిచినది పొల్యూషన్ సర్టిఫికెట్. ప్లేటు వేసిన కొన్ని నెలలకు పరీక్షకు వెళితే, పొగ సాంద్రత కిందటిసారి కంటే తక్కువ వచ్చింది. మన దగ్గర డీజిల్ బండికి చేసే పరీక్ష ఏమిటంటే, నిలబెట్టిన బండి యాక్సిలరేటర్‌ను కొన్నిసార్లు పూర్తిగా తొక్కించి, సైలెన్సర్‌లో పెట్టిన గొట్టం ద్వారా పొగ వెలుతురును ఎంత అడ్డుకుంటున్నదో కొలుస్తారు. మా బండి వంటి పాతవాటికి ఆ కొలతలో పరిమితి మీటరుకు 2.45. భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణాల్లో నాలుగో మెట్టైన బీఎస్-4 బండ్లకు 1.62. నైట్రోజన్ ఆక్సైడ్లను ఆ యంత్రం అడగనే అడగదు. పెట్రోలు బండ్లలో కూడా కార్బన్ మోనాక్సైడునూ హైడ్రోకార్బన్లనూ చూస్తారు గాని వీటిని చూడరు. అంటే ఇరుక్కున్న వాల్వుతో నల్లగా పొగ వదిలిన బండి పరీక్ష తప్పుతుంది, వాల్వును పూర్తిగా చంపేసిన బండి మంచి మార్కులతో నెగ్గుతుంది. కాగితం మీద నా బండి మెరుగైంది, గాలిలో మాత్రం మరింత చెడ్డది అయింది. నిబంధన పెట్టినవారు కొలవాలనుకున్నది వేరు, రోడ్డు పక్కన కొలవగలుగుతున్నది వేరు. ఈ ఎడం పూడనంత వరకు ప్లేటు వేసిన బండి ఏ పరీక్షలోనూ దొరకదు.

ఎంత నైట్రోజన్ ఆక్సైడు అనుమతి అన్నది మాత్రం చట్టంలో స్పష్టంగా ఉంది. హైదరాబాదులో 2005 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-3 ప్రకారం డీజిల్ కారు కిలోమీటరుకు 0.50 గ్రాములకు మించి వదలకూడదు. బీఎస్-4లో అది 0.25కు, 2020లో వచ్చిన బీఎస్-6లో 0.08కి దిగింది. ఇవి కారు తయారయ్యేటప్పుడు ప్రయోగశాలలో తేల్చే అంకెలు. ఈజీఆర్ పనిచేస్తేనే మా ఇంజిన్ ఆ 0.50ను అందుకున్నది. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్‌ను పట్టుకున్నది ఇటువంటి ఎడం మీదనే. పరీక్ష జరుగుతున్నదని గుర్తించినప్పుడు మాత్రమే కాలుష్య నియంత్రణను పూర్తిగా పనిచేయించి, రోడ్డు మీద సడలించే సాఫ్ట్‌వేర్‌ను ఆ డీజిల్ కార్లలో పెట్టారు. రోడ్డు మీద అవి పరిమితికి 40 రెట్ల వరకు నైట్రోజన్ ఆక్సైడ్లను వదిలాయి. ఆ వార్తలు చదివినప్పుడు నేను ఎంతో కోపగించుకున్నాను. నాలుగేళ్ల తరువాత అదే పనిని రేకుముక్కతో నా బండికి నేనే చేయించుకున్నానని గ్రహించినప్పుడు చాలా బాధపడ్డాను.

ఈ పోరు మనతో మొదలైనది కాదు. లాస్ ఏంజెలెస్‌ను కమ్మిన పొగమంచుకు వాహనాల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో కలవడమే కారణమని 1950ల మొదట్లో నిరూపించిన ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త, అంతకు ముందు అనాస పండు వాసన ఎక్కడి నుంచి వస్తుందో పరిశోధిస్తూ ఉండేవాడు. ముక్కుతో మొదలైన పరిశోధన ముక్కుకే మేలు చేసింది. అమెరికాలో 1973 మోడల్ కార్లకు ఈజీఆర్ వచ్చినప్పుడు అక్కడి యజమానులు కూడా దాని వాల్వును తెరిచే వ్యాక్యూమ్ గొట్టాలు పీకి బిరడాలు పెట్టుకున్నారు. ఇంజిన్ల హార్స్‌పవర్ అంకెలు ఒక్కసారిగా పడిపోవడం వారి ఆగ్రహానికి ఒక కారణం. కానీ 1971 నుంచే కంపెనీలు కంప్రెషన్‌ను, అంటే సిలిండర్‌లో గాలినీ ఇంధనాన్నీ నొక్కే పాళ్లను, తగ్గించాయి. 1972 నుంచి శక్తిని కొలిచే పద్ధతే మారి, ఫ్యాను, ఆల్టర్నేటర్, సైలెన్సర్ అన్నీ తగిలించి కొలవడం మొదలైంది. అదే ఇంజిన్‌కు అంకె తగ్గింది, నింద మాత్రం చాలా వరకు కొత్తగా వచ్చిన గొట్టాల మీద పడింది. నా పొరపాటుకూ వారి పొరపాటుకూ పెద్ద తేడా లేదు.

ప్లేటు వేసిన కొన్ని వారాలకే చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పి0401 అని చూపించింది, అంటే ఈజీఆర్‌లో రావలసినంత ప్రవాహం రావడం లేదని అర్థం. వాల్వు తెరిచినప్పుడు లోపలికి వచ్చే తాజా గాలి తగ్గాలి, తగ్గడం లేదని గాలిని కొలిచే సెన్సర్ ద్వారా ఇంజిన్ కంప్యూటర్ కనిపెట్టింది. దీనికీ షెడ్డులో ఒక ఉపాయం ఉంది. ప్లేటు నడుమ చిన్న రంధ్రం వేస్తారు, కాస్త పొగ పోతే కంప్యూటర్ ఊరుకుంటుందని ఆశ. నేను అది కూడా చేయించాను. లైటు ఆరింది, రెండు నెలలకు మళ్లీ వెలిగింది. చివరికి లైటు వెలుగుతూ ఉండటం అలవాటైపోయింది. ఇది అసలైన ప్రమాదం, ఎందుకంటే ఆ తరువాత ఇంజిన్‌లో నిజంగా మరొక లోపం వచ్చినా చెప్పడానికి ఇంకొక లైటు లేదు.

అలాగే జరిగింది. 2021లో మళ్లీ పొగ మొదలైంది. ఈజీఆర్ మూసి ఉండగా మసి ఎక్కడిదన్న ప్రశ్నతో ఈసారి వేరొక మెకానిక్ దగ్గరకు వెళ్లాను. ఆయన టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు గొట్టాన్ని చేత్తో తడిమి, క్లిప్పు కింద నూనె తడి చూపించాడు. అక్కడ గొట్టం చీలింది. భారం పడినప్పుడు ఆ చీలిక తెరుచుకొని, టర్బో నొక్కి పంపిన గాలి బయటకు పోతోంది. గాలి తక్కువైతే డీజిల్ పూర్తిగా మండక మసి పుడుతుంది. ఆ మసికి ఇంజిన్ ఆయిల్ ఆవిరి తోడైతే తారు అవుతుంది. చీలిక ఎప్పటి నుంచి ఉందో చెప్పలేను గాని, రబ్బరు గట్టిపడిన తీరు చూస్తే అది నిన్న మొన్నటిది కాదని ఆయన అన్నాడు. ఈజీఆర్ అంతగా మూసుకుపోవడం కూడా ఈ రోగపు లక్షణమే అయి ఉండాలని నా నమ్మకం.

గొట్టం మార్పించి, ప్లేటు తీయించి, వాల్వును నేనే ఇంటికి తెచ్చి శుభ్రం చేశాను. రాత్రంతా డీజిల్‌లో నానబెట్టాను, మోటారు ఉన్న కరెంటు భాగం మాత్రం తడవకుండా పైకి వేలాడదీశాను. ఉదయానికి మసి మెత్తబడింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే వాల్వు కూర్చునే అంచు మీద గీతలు పడి మళ్లీ సరిగ్గా మూసుకోదు కాబట్టి చెక్క పుల్లతోనూ పాత పళ్ల బ్రష్షుతోనూ తీశాను. మిగిలినది మసిని కరిగించే కార్బ్ క్లీనర్ స్ప్రేకు వదిలింది. లోపలి మ్యానిఫోల్డును కూడా విప్పి కడిగించాము. విప్పినప్పుడు ఇంజిన్ వైపు రంధ్రాలకు శుభ్రమైన గుడ్డ కుక్కి ఉంచడం మరువకూడదు, గట్టి మసి పెళ్ల ఒక్కటి లోపల పడినా వాల్వులకూ పిస్టన్‌కూ నష్టం. నడుస్తున్న డీజిల్ ఇంజిన్ గాలి గొట్టంలోకి ఆ స్ప్రేలు కొట్టడం అసలు చేయకూడదు, అదే ఇంధనమై ఇంజిన్ అదుపు తప్పి పరుగెత్తవచ్చు. కొత్త గ్యాస్కెట్ వేసి బిగించి, స్కానర్‌తో కోడ్ తుడిపించాము. ఆ లైటు మళ్లీ వెలగలేదు.

ప్లేటుతో పాటు సైలెన్సర్‌లో విషవాయువులను తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్‌ను కూడా తీసి ఖాళీ గొట్టం పెట్టించుకోమని చెప్పేవారు ఉన్నారు. అందులో ప్లాటినం, పల్లాడియం వంటి ఖరీదైన లోహాలు ఉంటాయి, విప్పిన పాతదానికి మంచి ధర పలుకుతుంది. కాబట్టి ఆ సలహా ఎవరి లాభం కోసమో ఒకసారి ఆలోచించుకోవాలి. అది నిజంగా మూసుకుపోయిందా అన్నది ముందు పరీక్షించాలి, మూసుకుపోతే ఎక్కడో ఆయిల్ మండుతోందనో, డీజిల్ సరిగ్గా మండడం లేదనో అనుమానించాలి. చట్టం సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద కాలుష్య ప్రమాణాలు మీరితే 10,000 రూపాయల వరకు జరిమానా గాని, 3 నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

2023లో బండికి 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లినప్పుడు ఈజీఆర్ పనిచేస్తూనే ఉంది. ఏటా చలికాలం ముందు వాల్వును విప్పి చూస్తున్నాను, మసి పలుచని పొరగా ఉంటోంది, గుడ్డతో తుడిస్తే పోతోంది. ఉస్తాద్ దగ్గరకు ఇప్పటికీ వెళుతూనే ఉన్నాను. గొట్టం చీలిన సంగతి చెబితే శ్రద్ధగా విన్నాడు. ఇప్పుడు ఈజీఆర్ సమస్యతో వచ్చినవారిని ముందుగా రబ్బరు గొట్టాలు చూడనిమ్మని, వాల్వు నానడానికి ఒక రాత్రి బండిని షెడ్డులో వదిలి వెళ్లమని అడుగుతున్నాడు. చాలామంది వదలడానికి ఒప్పుకోరు, అరగంటలో అయ్యే ప్లేటే వేయమంటారు.