ఏడో ఎపిసోడ్ ఏమైంది?

నిన్న రాత్రి సిరీస్‌లో ఏడో ఎపిసోడ్ చూద్దామని యాప్ తెరిస్తే, సిరీసే లేదు. వెతికితే "మీకు ఇవి నచ్చవచ్చు" అంటూ ఏవో పోస్టర్లు. డబ్బు కట్టాను కాబట్టి నాదే అనుకున్నా, పిచ్చిదాన్ని!

స్టూడియోలకే ఒక దారి తెలిసినట్టు లేదు. 2021లో వార్నర్ బ్రదర్స్ అమెరికాలో తన సినిమాలన్నీ థియేటర్లోనూ, హెచ్‌బీఓ మ్యాక్స్ అనే స్ట్రీమింగ్ యాప్‌లోనూ ఒకే రోజు వదిలింది. మరుసటి ఏడాదికల్లా మళ్లీ థియేటరే ముందు అంది. ఆ యాప్ పేరు 2023లో మ్యాక్స్ అయింది, 2025లో మళ్లీ పాత పేరే! ఇక యాడ్స్ వద్దంటూ వచ్చిన నెట్‌ఫ్లిక్స్ కూడా 2022లో యాడ్స్ ప్లాన్ తెచ్చింది. కేబుల్ వదిలి ఇటొచ్చిందే ఆ యాడ్స్ పడలేక కదా.

అటకెక్కిన డీవీడీ ప్లేయర్ దించాను. దుమ్ము దులిపితే ఆన్ అయింది. రిమోటే కనబడట్లేదు.