నీళ్లకు 1.3425 ఎలా వచ్చిందంటే

దొరికింది! నీళ్ల వక్రీభవన గుణకం (కాంతి నీళ్లలో ఎంత వంగుతుందో చెప్పే అంకె) 1.331 రావాల్సింది, నాకు 1.3425 వస్తోంది. రెండు వారాలుగా నాకు నిద్ర లేకుండా చేసిన ఆ తేడా వెనక దొంగ ఎట్టకేలకు దొరికాడు. ఇన్నాళ్లూ నీళ్లలో వెతికాను, లేజర్‌లో వెతికాను, గోడ మీద వెతికాను. వాడేమో నేను కట్టిన పట్టకం (ప్రిజం) మూలలోనే, సిలికాన్ జిగురు కింద దాక్కున్నాడు.

మైక్రోస్కోప్ స్లైడ్లు మూడు నిలబెట్టి అతికించిన బోలు పట్టకం ఇది. లోపల నీళ్లు, ఎదురుగా 3000 మి.మీ. దూరంలో గోడ, 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. పట్టకాన్ని మెల్లగా తిప్పుతుంటే గోడ మీద చుక్క జరుగుతూ జరుగుతూ ఒకచోట తటపటాయించి, మళ్లీ వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఆ తటపటాయించిన చోటే కనిష్ఠ విచలనం, అంటే కిరణం తన దారి నుంచి అతి తక్కువగా వంగే కోణం. ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు.

పట్టక కోణం (కిరణం లోపలికి వెళ్లే ముఖానికీ బయటికొచ్చే ముఖానికీ మధ్య కోణం) 60 డిగ్రీలు, ఎర్ర రంగులో నీళ్ల వక్రీభవన గుణకం 1.331 అనుకుంటే, చుక్క తిన్నని గీత నుంచి 1301 మి.మీ. పక్కకు పడాలి. నాకేమో 1356. అంటే విచలనం 24.33 డిగ్రీలు, గుణకం 1.3425. మూడు రోజులు, పదకొండు కొలతలు, అన్నీ 1354కీ 1358కీ మధ్యే. చెయ్యి వణికి వచ్చిన తప్పయితే కొలతలు చెల్లాచెదురుగా ఉండాలి. ఇక్కడ తప్పు కూడా క్రమశిక్షణతో వస్తోంది.

మొదట నీళ్లనే అనుమానించాను. డిస్టిల్డ్ వాటర్ పోసినా అదే చుక్క. అసలు లెక్క వేస్తే, గుణకం అంత పెరగాలంటే లీటరుకు దాదాపు 80 గ్రాముల చక్కెర కలపాలి. కొళాయి నీళ్ల లవణాలకు అంత సీన్ లేదు. తర్వాత ఉష్ణోగ్రత. పది డిగ్రీలు మారినా గుణకం 0.001 అటూ ఇటూ, అంతే. నాకు తేడా 0.0115 ఉంది.

గోడ వంకర? 3-4-5 త్రిభుజంతో లంబకోణం సరిచూశాను, బాగానే ఉంది. పోనీ రెండు డిగ్రీలు వంకరున్నా వచ్చే తేడా 20 మి.మీ., నాది 55. స్లైడ్ల మందం? ముఖాలు సమాంతరంగా ఉన్న గాజు కిరణాన్ని కాస్త పక్కకు జరుపుతుందే తప్ప దాని దిశ మార్చదు. నమ్మకం కోసం ఖాళీ పట్టకంతో చూశాను. చుక్క 2 మి.మీ. కూడా కదల్లేదు.

ఇక లేజర్ మీద రాసిన 650 అబద్ధమేమోనని 532 నానోమీటర్ల ఆకుపచ్చది పెట్టాను. చుక్క 1376 దగ్గర, గుణకం 1.3465. ఉండాల్సింది 1.335. ఈ అంకె చూసి ఆ రాత్రి నోట్‌బుక్ విసిరేశాను. తెల్లారి చూస్తే అసలు ఆధారం అందులోనే ఉంది. ఎరుపుకీ ఆకుపచ్చకీ మధ్య తేడా 0.004, పుస్తకంలో ఉన్నట్టే. అంటే కొలవడం సరిగ్గానే ఉంది, సూత్రంలో వేస్తున్న ఏదో ఒక అంకె తప్పు. సూత్రంలో ఉన్నవి రెండే కోణాలు. ఒకటి కొలిచిన విచలనం, రెండోది పట్టక కోణం... 60 అని రాసుకున్నది!

నిజం ఒప్పుకుంటాను: ఆ 60 డిగ్రీలు కోణమానినితో కొలిచింది కాగితం మీద గీసిన త్రిభుజాన్ని. గాజును కాదు.

సరే, గాజునే కొలుద్దామని పట్టకం అంచును లేజర్ వైపు తిప్పి, 500 మి.మీ. దూరంలో పొడవాటి అట్ట నిలబెట్టాను. స్కేలు అంచు వెంబడి లేజర్‌ను జరుపుతూ ఒకసారి ఎడమ ముఖం మీద, ఒకసారి కుడి ముఖం మీద పడనిచ్చాను. (పరావర్తన కిరణాలు గది రెండు వైపులా పోతాయి, తల కిందకి వంచకండి.) చుక్కలు ఎడమన 931, కుడిన 918. కోణాలు 61.76, 61.42. కలిపితే పట్టక కోణానికి రెట్టింపు. అంటే కోణం 61.6!

స్లైడ్ వెడల్పు 25 మి.మీ. పట్టక కోణానికి ఎదురు భుజం వైపు రెండు మూలల్లో సిలికాన్ చెరో 0.3 మి.మీ. ఉబ్బి, ఆ భుజాన్ని 25.6 చేసింది. మళ్లీ లెక్క వేశాను: 1.3310. కుర్చీలోంచి లేచి గంతేశాను.

తర్వాత నీళ్ల బదులు గ్లిజరిన్ పోస్తే 1.47, ఒక్క ప్రయత్నంలోనే. అందులో పైరెక్స్ గాజు కడ్డీ ముంచితే దాదాపు మాయమైంది, రెండింటి గుణకాలూ దాదాపు ఒకటే కాబట్టి.

సిలికాన్ జిగురుతో పట్టకాలు కట్టొద్దనే నేను అంటాను. ఎపాక్సీ పలచగా పరుచుకుంటుంది, ఉబ్బదు. ఫోన్‌లో కోణాలు కొలిచే యాప్‌ల మీదా నాకు నమ్మకం లేదు. పట్టక కోణంలో పదో వంతు డిగ్రీ తప్పితే గుణకంలో 0.0007 పోతుంది, మూడు మీటర్ల దూరమూ ఒక టేపూ ఉన్నవాడికి యాప్ ఎందుకు? అర్ధవృత్తాకార గాజు దిమ్మతో సందిగ్ధ కోణం (కిరణం బయటికి రాకుండా పూర్తిగా లోపలికే పరావర్తనం కావడం మొదలయ్యే కోణం) చూసే పద్ధతి చూపించడానికి బాగుంటుంది, కొలవడానికి కాదు.

ఇప్పుడు చుక్క వెడల్పే అడ్డం. 4 మి.మీ. చుక్కకు మధ్య ఎక్కడో కంటితో తేల్చాల్సి వస్తోంది. లేజర్ ముందు సన్నని చీలిక పెట్టాలి, రెండు బ్లేడ్లు చాలు. అది కుదిరాక 405 ఊదా లేజర్, నీళ్లకు 1.343 దగ్గర రావాలి. మూడు రంగులు చేతికొస్తే కోషీ సమీకరణం (రంగును బట్టి గుణకం ఎలా మారుతుందో చెప్పేది) గీత గీయొచ్చు. ఆ తర్వాత 50 శాతం చక్కెర పాకం, 1.420 రావాలి. పాకాన్ని అడుగున పోసి, పైన నీళ్లు మెల్లగా వదిలి, తొట్టిలో కిరణం వంగడం చూడాలని ఎప్పటి నుంచో ఉంది. కాకపోతే ముందు కొత్త పట్టకం. ఈసారి జిగురు ఆరగానే మొదట కొలిచేది దాని కోణాన్నే.