పరిగెత్తగలిగినవాళ్లకే సేఫ్

2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ వాళ్లు లేజర్ ఆయుధంతో డ్రోన్‌ను కూల్చిన వీడియో మా జిల్లా వాట్సాప్ గ్రూపులన్నింట్లో తిరిగింది. 30 కిలోవాట్ల లేజర్, తయారుచేసింది హైదరాబాద్‌లో ఉన్న డీఆర్‌డీఓ వాళ్లదే చెస్ (CHESS) అనే ల్యాబ్. చూసి నాకూ సంతోషమే అయింది. కానీ దాని కింద ఒకాయన పెట్టిన మెసేజ్ మాత్రం మనసులో నుంచి పోలేదు. ఇట్లాంటిదే చిన్న సైజులో చేసి రాస్తారోకోల కాడ పెడితే లాఠీ అక్కర్లేదు, తూటా అక్కర్లేదు, ఎవరికీ దెబ్బ తగలకుండా జనం వాళ్లంతట వాళ్లే చెదిరిపోతారు అని రాశాడు. లైకులు బాగానే పడ్డాయి.

కర్నూల్లో చూపించింది డ్రోన్ల కోసం చేసిన ఆయుధం, మనుషుల మీద వాడేది కాదు, ఆ రెండింటినీ కలిపేసి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ జనాన్ని చెదరగొట్టడానికే తయారైన యంత్రాలు ప్రపంచంలో వేరే ఉన్నాయి, పాతికేళ్లుగా ఉన్నాయి, వాటి గురించి మనవాళ్లకు తెలిసింది తక్కువ. "దెబ్బ తగలదు" అనే మాటే వాటికి పెద్ద ప్రచారం. అందుకే ఇది రాస్తున్నా.

అమెరికా సైన్యం 2001లో బయటపెట్టిన యాక్టివ్ డినయల్ సిస్టమ్ తీసుకోండి. లారీ మీద పెద్ద పళ్లెంలాంటి యాంటెన్నా ఉంటుంది, అందులో నుంచి 95 గిగాహెర్ట్జ్ తరంగాలు వస్తాయి. అవి చర్మంలోకి అర మిల్లీమీటర్ కూడా పోవు. ఆ పైపొరలో ఉన్న తడి ఒక్కసారిగా వేడెక్కి, ఒకటి రెండు సెకన్లలో భరించలేని మంట పుడుతుంది. మనిషి పక్కకు తప్పుకుంటాడు, తప్పుకోగానే మంట ఆగిపోతుంది. కంటికి ఏమీ కనబడదు, చెవికి ఏమీ వినబడదు, అరకిలోమీటర్ దూరం నుంచి కూడా పనిచేస్తుంది. క్యాన్సర్ వస్తుందేమో అని చాలామంది ముందు అదే అడుగుతారు గానీ ఇది ఎక్స్‌రే జాతి కాదు, నా టెన్షన్ అది కాదు. నా టెన్షన్ అంతా ఆ "పక్కకు తప్పుకుంటాడు" అనే మాట మీదే. ఆ యంత్రం సేఫ్టీ మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

మా మేనత్త నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లే తాగి పెరిగింది. ఎవరన్నా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పి చూడలేదు, వెన్ను గట్టిపడిపోయింది. ముందు చేతికర్రను నేలకు కుదురుగా ఆనించుకుంటుంది, తర్వాత ఒక కాలు జరుపుతుంది, కొంచెం ఆగి ఇంకో కాలు జరుపుతుంది, అట్లా మనిషి మనిషే తిరగాలి. పిలిచినవాళ్లే చూడలేక ఆమె ముందుకొచ్చి నిలబడతారు. ఇప్పుడు ఆమెను ఒక ధర్నాలో కూర్చోబెట్టి ఆ కిరణం తగిలిందనుకోండి, ఎంతసేపట్లో తప్పుకుంటుంది? లేవడానికే ఇద్దరు రెక్కలు పట్టాలి. ఆ ఇద్దరికీ ఒళ్లు మండుతుంటే వాళ్లు ఉంటారా?

ఇది ఊహించి రాసిన కష్టం కాదు. ఫ్లోరైడ్ గోస ఢిల్లీకి వినబడాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది పోటీకి నిలబడ్డారు, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయి పోలింగే వాయిదా పడింది. మా దగ్గర నీళ్ల కోసం, భూమి కోసం, గిట్టుబాటు ధర కోసం రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో ముసలోళ్లు, వంకర కాళ్లవాళ్లు, చంటిపిల్లను చంకనేసుకున్న తల్లులు ఎప్పుడూ ఉంటారు. పోరాటం వాళ్లదే కాబట్టి ఉంటారు.

ఇక ఆ కిరణం మీద అమెరికా సైన్యం చేసిన పరీక్షల సంగతి. పదివేలకు పైగా సార్లు మనుషుల మీద వాడి చూశామని, గాయాలు చాలా చాలా తక్కువ అని వాళ్లు చెప్తారు. లెక్క అబద్ధం అని నేను అనడం లేదు. కానీ ఆ నిలబడ్డవాళ్లు ఎవరు? ఒప్పుకుని వచ్చిన వాలంటీర్లు, ఏం జరగబోతోందో ముందే తెలిసినవాళ్లు, ఎటు తప్పుకోవాలో చూపించిన ఖాళీ మైదానంలో ఉన్నవాళ్లు. అట్లాంటి చోట కూడా 2007లో జార్జియా రాష్ట్రంలోని మూడీ ఎయిర్‌ఫోర్స్ స్థావరంలో ఒకతనికి రెండు కాళ్ల మీదా సెకండ్ డిగ్రీ కాలిన గాయాలై ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. జర్మనీ భౌతిక శాస్త్రవేత్త యుర్గెన్ ఆల్ట్‌మన్ 2008లో లెక్కలు వేసి చెప్పింది ఇంకా సూటిగా ఉంది. ఒకే మనిషి మీద కిరణం ఆగకుండా పడితే లోతుగా కాలుతుంది, కిరణం వెడల్పు పెద్దది కాబట్టి ఒంటిలో ఐదో వంతుకు మించి కాలితే ప్రాణం మీదికే రావచ్చు. ఆ యంత్రాన్ని 2010లో అఫ్గానిస్తాన్ దాకా తీసుకెళ్లి, ఒక్కసారి కూడా వాడకుండానే వెనక్కి తెచ్చుకున్నారు.

ఇంకో వివరం చదివినప్పుడు నాకు నిజంగా కడుపులో దేవినట్టయింది. తొలి పరీక్షల్లో వాలంటీర్లను కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సులు తీసేయమన్నారు, తర్వాతి వాటిలో జేబులోని నాణేలు, తాళంచెవులు కూడా తీయించారు, లోహం ఉన్నచోట చర్మం ఎక్కువ కాలుతుందేమో అని. దేవరకొండ వైపు తండాల్లో పెద్ద వయసు లంబాడీ అమ్మలను ఒకసారి చూడండి. రవిక మీద అద్దాలు, ఘాగ్రా అంచుకు నాణేలు, మోచేతి పైదాకా గాజులు, కాళ్లకు కడియాలు. మన ఆడవాళ్ల మెడలో పుస్తెలతాడు, కాళ్లకు మెట్టెలు సరేసరి. పోడు పట్టాల కోసం కలెక్టరేట్ ముందుకు వచ్చినప్పుడు ఇవన్నీ తీసి సంచిలో వేసుకోమని ముందు ఎవరు చెప్తారు? మే నెలలో 44 డిగ్రీల ఎండలో పొద్దటి నుంచి కూర్చుని వడదెబ్బకు దగ్గరపడ్డ ఒంటి మీద అదే కిరణం పడితే ఎట్లుంటుందో ఏ పరీక్ష చెప్పింది?

అసలు గుంపు అంటేనే ఎటూ తప్పుకోలేని స్థితి. 2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీ ఆఫీసుల ముందు తెల్లారకముందే చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డ రోజులు ఎవరూ మర్చిపోలేదు. ముందు షట్టర్, వెనక వందల మంది, ఒక పక్క గోడ, ఇంకో పక్క బండ్లు. వెనకవాడు నెడితే ముందున్నవాడి మొహం షట్టర్‌కు ఒత్తుకుపోతుంది. అట్లాంటి చోట ముందు వరసకు మంట పుట్టిందంటే వాళ్లు వెనక్కి తిరుగుతారు, వెనకవాళ్లకు ఏమీ కనబడదు కాబట్టి కదలరు, మధ్యలో ఉన్నవాళ్లు నలిగిపోతారు. తొక్కిసలాటలో చనిపోయినవాళ్లను ఈ ఆయుధం చంపింది అని ఏ రికార్డూ రాయదు.

సౌండ్ యంత్రాలు ఇంకా దగ్గరికి వచ్చేశాయి. ఎల్‌రాడ్ అంటారు, దూరంగా ఉన్న ఓడలను హెచ్చరించడానికి అమెరికా నౌకాదళం కోసం మొదలైంది. మాట స్పష్టంగా వినిపించే మైకుగా వాడితే నాకు ఏ అభ్యంతరమూ లేదు, వరదల్లో చాలా పనికొస్తుంది. కానీ అదే పెట్టెలో సైరన్‌లాంటి మోడ్ ఒకటి ఉంటుంది, పెద్ద మోడళ్లలో దగ్గర నిలబడితే 150 డెసిబెల్స్ దాటుతుంది. 120, 130 దగ్గరే చెవికి నొప్పి మొదలవుతుంది. మన చట్టం ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 దాటొద్దు. డీజే సౌండ్‌తో గుండెలదురుతున్నాయని 2024లో హైదరాబాద్‌లో ఊరేగింపుల్లో డీజేలే ఆపించారు కదా, మరి అంతకన్నా ఎన్నో రెట్లున్న సౌండ్‌ను జనం వైపు తిప్పితే అది భద్రత ఎట్లయింది? 2009లో పిట్స్‌బర్గ్‌లో జీ20 సమావేశాలప్పుడు దీన్ని వాడితే, నిరసనతో సంబంధం లేకుండా చూడ్డానికి వచ్చిన ఒక ప్రొఫెసర్ చెవి దెబ్బతింది, కోర్టుకు పోతే నగరం 72,000 డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. మన దేశంలో 2024 ఫిబ్రవరిలో పంజాబ్ రైతులు బయల్దేరినప్పుడు శంభూ దగ్గర డ్రోన్లతో టియర్ గ్యాస్ వేశారు, ఢిల్లీ బార్డర్లలో ఈ సౌండ్ యంత్రాలను కూడా తెచ్చి పెట్టారు.

దీన్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది సాక్ష్యం సంగతి. లాఠీ దెబ్బ వీపు మీద తేలుతుంది, తూటాకు ఖాళీ తొడుగు దొరుకుతుంది, టియర్ గ్యాస్ డబ్బా మీద కంపెనీ పేరు, తేదీ ఉంటాయి. జిల్లా ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసు రాయాలంటే డాక్టర్‌కు కనబడేది ఏదో ఒకటి ఉండాలి. రెండు రోజులు చెవుల్లో గుయ్యిమంది, ఒళ్లు మండింది అంటే ఏం రాస్తారు? సెర్బియాలో ఇదే జరిగింది. 2025 మార్చి 15న బెల్‌గ్రేడ్‌లో, నోవీ సాద్ రైల్వే స్టేషన్ దగ్గర కప్పు కూలి చనిపోయినవాళ్ల కోసం లక్షల మంది మౌనంగా నిలబడి ఉండగా, ఒక్క క్షణంలో జనం రెండు పాయలుగా విడిపోయి పరుగులు పెట్టారు. వీడియోల్లో కనబడుతుంది. ఏదో భయంకరమైన సౌండ్ మీదికి దూసుకొచ్చింది అని వేలమంది చెప్పారు. ప్రభుత్వం మాత్రం యంత్రాలు మా దగ్గర ఉన్నాయి గానీ వాడలేదు అంది. ఏప్రిల్ చివర్లో యూరప్ మానవ హక్కుల కోర్టు, వాడారా లేదా అని తేల్చకుండానే, ఇకముందు జనం మీద అట్లాంటివి వాడకుండా చూడమని ఆదేశించింది. అంతమంది కళ్లముందు జరిగిందే తేలనప్పుడు మునుగోడులోనో నారాయణపేటలోనో వందమంది చెప్తే ఎవరు నమ్ముతారు?

తూటా కన్నా నయం కదా అనే మాట ఒకటుంది, దాన్ని నేను తేలిగ్గా కొట్టేయలేను. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో, 2007 జూలై 28న ముదిగొండలో పోలీసు కాల్పుల్లో పోయిన ప్రాణాలు మనవే. ఆ రోజు తూటా బదులు ఇంకేదైనా ఉండి ఉంటే అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ కొత్త యంత్రం వచ్చాక తుపాకులను స్టేషన్‌లో వదిలేసి వస్తారా? రారు. తుపాకీ తుపాకీగానే ఉంటుంది. ఈ యంత్రం వచ్చేది తుపాకీ బదులు కాదు, మాటల బదులు, తహసీల్దార్ వచ్చి గంటసేపు ఓపిగ్గా నచ్చజెప్పే చోటికి. దెబ్బ కనబడదు కాబట్టి బటన్ నొక్కడానికి చెయ్యి వెనకాడదు. కశ్మీర్‌లో పెల్లెట్ గన్లు కూడా తూటా కన్నా తక్కువ ప్రమాదం అనే వచ్చాయి, 2016లో వందల మందికి కళ్ల గాయాలయ్యాయి.

ముందే ఆపడం కుదరని పనేం కాదు. చూపు శాశ్వతంగా పోగొట్టే లేజర్లను యుద్ధంలో కూడా వాడొద్దని 1995లోనే అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, మన దేశం కూడా అందులో ఉంది. జనం మీద వాడే ఆయుధాల గురించి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2020లో మార్గదర్శకాలు తెచ్చింది, కొనేముందే స్వతంత్రంగా పరీక్షించాలి, ముసలివాళ్లు, పిల్లలు, గర్భిణుల మీద ప్రభావం చూడాలి అన్నది వాటి సారాంశం. మన బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 148వ సెక్షన్ గుంపును చెదరగొట్టే అధికారం ఇస్తుంది గానీ ఏ యంత్రంతో, ఎన్ని సెకన్లు, ఎంత దూరం నుంచి అనేది అందులో లేదు.

మన రాష్ట్ర పోలీసు శాఖ ఇట్లాంటివి ఏమైనా కొన్నదా, కొనే ఆలోచన ఉందా, ఉంటే ఏ ల్యాబ్ పరీక్షించింది, వాడిన ప్రతిసారీ టైము, పవరు, ఎన్ని సెకన్లు అన్నది యంత్రంలోనే చెరిపేయలేకుండా రికార్డవుతుందా, నడవలేనివాళ్లున్న గుంపు మీద వాడొద్దని రాతపూర్వక ఆదేశం ఉందా అని ఆర్టీఐ దరఖాస్తు రాస్తున్నాను. నల్లగొండ, పాలమూరు వైపు చెవి, చర్మం డాక్టర్లు ఎవరైనా ఇది చదివితే, ఇట్లాంటి కేసు వచ్చినప్పుడు మొదటి రోజే ఏ పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోవాలో రాసి పంపండి. దాన్ని పాంప్లెట్ చేసి మండలాల్లో పంచే పని నేను చూసుకుంటాను.