ఆదివారం నాటి రెండు పిల్లులు

తెల్లవారుజామున పట్టిన ముసురు పది గంటలైనా వదలలేదు. హాస్టల్ నుంచి రెండు రోజుల సెలవుకు వచ్చిన మా అమ్మాయి బజారుకు వెళ్లే ఆలోచన మానుకుని, మధ్యాహ్నం ఏదైనా సినిమా పెట్టమని అడిగింది. అంతరిక్షం సినిమాలన్నా దెయ్యాల సినిమాలన్నా నాకు ఇష్టమని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఇష్టం ఎంత పైపైనదో కూడా వారికి తెలుసు. ఏ సినిమాకు ఎన్ని భాగాలు వచ్చాయో, వాటిని ఏ వరుసలో చూడాలో అడిగితే నేను చెప్పలేను. నచ్చినదాన్ని మాత్రం పదిసార్లు చూస్తాను. ఈ రోజు పెట్టింది అలాంటిదే, 1979లో రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’.

మా ఆవిడ టమాటా పప్పు, వేయించిన వడియాలు కంచాల్లో వడ్డించి, టీవీ ముందు కూర్చుని తినే అలవాటును యథాప్రకారం తిట్టింది. ఈ సినిమాలో భోజనాల బల్ల దగ్గర ఏం జరుగుతుందో నాకు తెలుసు. ముందుగా చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

నిజానికి ఆ సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రాక్షసజీవి కాదు, బోనసు గొడవ. రెండు కోట్ల టన్నుల ఖనిజాన్ని లాక్కుంటూ భూమికి తిరిగి వస్తున్న సరుకుల ఓడ అది. అందులో ఉన్నది ఏడుగురు సిబ్బంది, ఒక పిల్లి. సుదీర్ఘమైన నిద్ర నుంచి లేవగానే వారు చేసే పని విశ్వరహస్యాల గురించి ఉపన్యాసాలు ఇచ్చుకోవడం కాదు. కాఫీ తాగుతూ, సిగరెట్లు కాలుస్తూ జీతం గురించి మాట్లాడుకోవడం. ఇంజను గదిలో పనిచేసే పార్కర్, బ్రెట్ అనే ఇద్దరికి మిగిలినవారికన్నా తక్కువ వాటా వస్తుంది, ఆ మాట వారు సందు దొరికినప్పుడల్లా ఎత్తుతూనే ఉంటారు. దారిలో ఎక్కడినుంచో తెలియని సంకేతం వచ్చిందనీ, వెళ్లి చూడాలనీ చెప్పినప్పుడు, ఇది సరుకుల ఓడే తప్ప సహాయక నౌక కాదని పార్కర్ అడ్డం తిరుగుతాడు. అప్పుడు మరొక ఉద్యోగి శాంతంగా ఒప్పందంలోని నిబంధనను గుర్తుచేస్తాడు: అటువంటి సంకేతం వస్తే వెళ్లి చూడవలసిందే, లేకపోతే వాటా మొత్తం పోతుంది. ఇరవయ్యారేళ్లుగా ఉద్యోగం చేస్తున్న నాకు ఆ నిబంధన చదివిన గొంతు బాగా పరిచయం. మా ఆఫీసులో సర్క్యులర్లు చదివి వినిపించేవారు కూడా సరిగ్గా అంతే మర్యాదగా చదువుతారు. అక్కడినుంచి ఆ ఓడలో ఏ వింత జరిగినా నేను నమ్మడానికి సిద్ధంగా ఉంటాను, ఎందుకంటే ఆ ఉద్యోగాన్ని నేను ముందే నమ్మేశాను.

అందరూ కలిసి భోంచేస్తూ నవ్వుకుంటున్న సమయంలో ఒకడికి పొలమారినట్లై, బల్ల మీద వెల్లకిలా పడి, అతని ఛాతీ చీల్చుకుని లోపల పెరిగిన రాక్షసజీవి పిల్ల బయటికి వచ్చే ఘట్టం రానే వచ్చింది. నేను తెర వైపు చూడలేదు, అమ్మాయి వైపు చూశాను. సగం కొరికిన వడియం చేతిలోనే ఉండిపోయింది. నమలడం ఆపిన బుగ్గ ఒక పక్కకు ఉబ్బి ఉంది. నెత్తురు అంతగా చిమ్ముతుందని ఆ నటులకు ముందుగా పూర్తిగా చెప్పలేదనీ, ఒక నటి ముఖంలో కనిపించే బెదురు చాలావరకు నిజమైనదేననీ ఆ తరువాత చెప్పాను. “మాకు కూడా చెప్పలేదు కదా నాన్నా” అని అది కంచం పక్కకు జరిపేసింది. వంటింటి గుమ్మంలో నిలబడిన మా ఆవిడ ఏమీ అనలేదు. అది అనడంకన్నా గట్టిది.

కాసేపటికి అమ్మాయి అడిగిన ప్రశ్న మాత్రం నాకు నచ్చింది: “ఎంతసేపటికీ దాన్ని పూర్తిగా చూపించరేం?” పెద్దదైన ఆ జీవి వేషం వేసినవాడు బోలాజీ బడేజో అనే నైజీరియా విద్యార్థి. దాదాపు ఏడడుగుల ఎత్తు, సన్నగా సాగిన కాళ్లూ చేతులూ. అంత శ్రమపడి తయారుచేసిన ఆకారాన్ని దర్శకుడు తెర మీద చాలా పిసినారితనంతో వాడుకున్నాడు. బ్రెట్ పిల్లిని వెతుక్కుంటూ వెళ్లే గదిలో పైనుంచి గొలుసులు వేలాడుతుంటాయి, నీటి చుక్కలు కారుతుంటాయి. ఉక్కపోతతో విసిగిన ఆ మనిషి టోపీ తీసి, కళ్లు మూసుకుని, ఆ నీటిని ముఖం మీద పడనిస్తాడు. ఎండలో పని చేసి వచ్చి కుళాయి కింద తల పెట్టే ఎవరైనా చేసే పనే అది. వెనక ఏముందో అతనికన్నా ముందు పిల్లికి తెలుస్తుంది, దాని ముఖం చూసి మనకు తెలుస్తుంది. ఆ క్షణంలో జీవిని మొత్తంగా చూపించి ఉంటే నేను ఇన్నిసార్లు ఆ సినిమా చూసేవాణ్ని కాదేమో.

అదే దర్శకుడు 2012లో ఇదే కథాలోకంలో తీసిన ‘ప్రొమీథియస్’ మీద నాకున్న కోపాన్ని కూడా అమ్మాయి వినవలసి వచ్చింది. దృశ్యాలు అద్భుతంగా ఉంటాయి, కాదనను. కాని రెండేళ్లకు పైగా ప్రయాణం చేసి కొత్త లోకానికి వెళ్లిన శాస్త్రవేత్తలు, గాలి పీల్చదగినదని పరికరం చూపగానే శిరస్త్రాణాలు తీసేస్తారు. జీవశాస్త్రం చదివిన పెద్దమనిషి పడగెత్తినట్లు లేచిన పాములాంటి జంతువును ముద్దు చేయబోతాడు. పొలం గట్టు మీద అటువంటిది కనిపిస్తే మా ఊళ్లో పదేళ్ల పిల్లవాడు కూడా నాలుగడుగులు వెనక్కి వేసి కర్ర వెతుక్కుంటాడు. పాత్రలకు ఆ పాటి ఇంగితం లేనప్పుడు వారు పోతే నాకేం బాధ?

దానికి పూర్తిగా విరుద్ధమైనది 1982లో జాన్ కార్పెంటర్ తీసిన ‘ద థింగ్’. అంటార్కిటికా మంచులో ఇరుక్కున్న పన్నెండు మంది, మనిషి రూపం దాల్చే జీవి ఒకటి వారిలో చేరి, ఎవరు మనిషో ఎవరు కాదో తెలియని స్థితి, కాల్చిన తీగను ఒక్కొక్కరి నెత్తురులో ముంచి చూసే పరీక్ష. ‘ఈ.టీ.’ సినిమాలో భూమికి వచ్చిన ముద్దులొలికే గ్రహాంతరవాసిని చూసి జనం కన్నీరు పెట్టుకుంటున్న వేసవిలోనే ఇది విడుదలై, ఆదరణ లేక పోయింది. ఆడిట్ జరిగే వారంలో మా ఆఫీసు వాతావరణం సరిగ్గా ఇలాగే ఉంటుంది కనుక నేను దీన్ని మరీ తరచుగా చూడను.

మూడు గంటల వేళ టీ తాగుతూ నా పాత సిద్ధాంతాన్ని మళ్లీ బయటికి తీశాను. దెయ్యం సినిమా మంచిదో కాదో తెలుసుకోవాలంటే టీవీ శబ్దం సగానికి తగ్గించి చూడాలి. అప్పటికీ భయం వేస్తే అది సినిమా, లేకపోతే అది బాణసంచా. ఈ మధ్య వచ్చే వాటిలో చాలావరకు, నిశ్శబ్దంగా తలుపు తెరుచుకోవడం, ఏమీ లేకపోవడం, ఊపిరి పీల్చుకునేలోగా చెవి దగ్గర ఢమ్మని మోగించడం తప్ప వేరే సరుకు ఉండదు. మా ఆవిడ గ్లాసులు తీస్తూ, “అలాగైతే ‘అరుంధతి’లో శబ్దం తగ్గించి చూడండి, ఏం మిగులుతుందో” అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. 2009లో కోడి రామకృష్ణ గారి ఆ సినిమాను మేమిద్దరం హాల్లోనే చూశాం. పశుపతి పాత్రలో సోనూ సూద్ ఆకారం ఎంత ఉన్నా, నన్ను ఇంటిదాకా వెంటాడింది రవిశంకర్ చెప్పిన డబ్బింగ్ గొంతు. సమాధిలోనుంచి వచ్చే ఆ పిలుపును సగానికి తగ్గిస్తే పశుపతి సగం చచ్చిపోతాడు. కనుక నా సిద్ధాంతానికి ఒక మినహాయింపు రాసుకోక తప్పలేదు: మనిషి గొంతు శబ్దాల లెక్కలోకి రాదు.

మన సైన్స్ ఫిక్షన్ సినిమాల ప్రస్తావన కూడా వచ్చింది. ‘కల్కి 2898 ఏడీ’లో అమ్మాయికి యుద్ధాలు నచ్చాయి; నాకు యుద్ధాల మధ్య ఒకసారి కునుకు పట్టింది. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల తరువాతి కాశీలో కూడా కథానాయకుడు ఇంటి అద్దె బాకీపడి, యజమాని వేషంలో ఉన్న బ్రహ్మానందానికి దొరకకుండా తిరగడం మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది. పైన సంపన్నులు ఉండే కాంప్లెక్సులోకి వెళ్లాలంటే పది లక్షల యూనిట్లు కూడబెట్టాలన్న లెక్క చెప్పగానే ఆ లోకం నాకు అర్థమైపోయింది. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ‘ఆదిత్య 369’ కూడా కాలయంత్రంతో నేరుగా శ్రీకృష్ణదేవరాయల సభలో దిగిపోదు. బడి పిల్లలతో మ్యూజియం చూడడానికి వెళ్లిన ఒక కుర్రవాడు రాత్రి అక్కడే చిక్కుకుని వజ్రం దొంగతనాన్ని చూస్తాడు. కాలంలో వెనక్కి వెళ్లే భాగంకన్నా, తలుపులు మూసేసిన మ్యూజియంలో ఒంటరిగా ఉండిపోవడమే చిన్నప్పుడు నన్ను ఎక్కువగా పట్టుకుంది.

సాయంత్రం ఆరింటికి అమ్మాయిని స్టేషనులో దింపాలి. వాన తగ్గింది. మా వీధిలో తిరిగే తెల్ల పిల్లి ఒకటి తడి నేల వదిలి మా కారు కింద చేరి పడుకోవడం అలవాటు చేసుకుంది. నేను తాళం తిప్పబోతుంటే అమ్మాయి ఆగమని చెప్పి, దిగి, గొడుగు కర్రతో చక్రాల సందుల్లో తట్టి, దాన్ని బయటికి పంపిన తరువాతే మళ్లీ ఎక్కింది. దారిలో ‘ఇంటర్‌స్టెల్లార్’ ఎందుకు ఒక్కసారే చూశావని అడిగింది. సైన్స్ అర్థం కాలేదని చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. నీళ్లు నిండిన ఆ గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమి మీద ఏడేళ్లు గడుస్తాయి. అంతరిక్షయాత్రకు వెళ్లిన తండ్రి ఓడలోకి తిరిగి వచ్చేసరికి 23 ఏళ్లు అయిపోయి ఉంటాయి. కూర్చుని పిల్లలు పంపిన వీడియోలు ఒక్కొక్కటిగా చూస్తాడు. ఆ ఘట్టాన్ని మళ్లీ చూడాలని నాకు అనిపించలేదు, అంతే. బండి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. సీటు దొరికిందని చెయ్యి ఊపింది.

ఇంటికి వచ్చాక మా ఆవిడ తొందరగా పడుకుంది. నాకు నిద్ర రాలేదు. రాంగోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ పెట్టుకున్నాను. మణిశర్మ నేపథ్య సంగీతం వినిపించిన తొలి రోజుల సినిమా అది, శబ్దం సగానికి తగ్గించి చూశాను. అందులో ఉన్నది పాడుబడిన కోట కాదు. ఒక మధ్యతరగతి కుటుంబం కొత్తగా దిగిన ఇల్లు. వంటిల్లు, మంచాలు, కాలేజీకి వెళ్లే కూతురుగా రేవతి. కారు చక్రం కింద పడి ఒక పిల్లి చనిపోతుంది. ఇంటివారు దాన్ని పాతిపెడతారు. తరువాత అచ్చం అదే పిల్లి ఇంట్లో తిరుగుతూ ఉంటుంది. ఎవరూ అరవరు. ఏదీ ఢమ్మని మోగదు. పిల్లి మామూలుగా చూస్తుంది, రేవతి కూడా మామూలుగా చూస్తుంది, నా అరచేతులు మాత్రం చల్లబడ్డాయి.

ఆ సమయంలోనే వెనక వసారాలో మ్యావ్ మన్న శబ్దం వినిపించింది. నేను టీవీ ఆపి, కదలకుండా కూర్చున్నాను. మళ్లీ వినిపించింది. గదిలోనుంచి మా ఆవిడ నిద్రమత్తులో, “ఆ తెల్లదానికి కాసిన్ని పాలు పోయండి, లేకపోతే తెల్లవార్లూ అరుస్తూనే ఉంటుంది” అంది. హాల్లో లైటు, వంటింటి లైటు, వసారా లైటు మూడూ వేసుకుని వెళ్లి, గిన్నెలో పాలు పోసి, అది తాగేవరకు కాకుండా వెంటనే తలుపు వేసేశాను.